రాగి వైరా, అల్యూమినియమా, సూపర్‌కండక్టరా: ఏది ఎక్కడ పనికొస్తుంది

మా చిన్నాన్న కొడుకు వరంగల్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబ్ పడింది, గోడల్లో పైపులు వేశారు, ఇక వైరింగ్ మొదలుపెట్టాలి. సరిగ్గా అప్పుడు ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అన్నా, సూపర్‌కండక్టర్ అని ఒకటుందంట కదా, అందులో కరెంట్ అసలు వేస్ట్ కాదంట, అది మన ఇంటికి వేయించుకోలేమా, రేటు ఎక్కువైనా పర్లేదు, ఇల్లు కట్టేది ఒక్కసారే కదా" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఎలక్ట్రికల్ చదివిన వాళ్లలో కూడా చాలామంది దీనికి సూటిగా జవాబు చెప్పలేరు. ఫోన్లో వాడికి సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా. ఇల్లు కట్టేవాళ్లకి, బోరు వేసేవాళ్లకి, స్కానింగ్‌కి వెళ్లేవాళ్లకి కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

ముందు జవాబు చెప్పేస్తా. ఇంట్లో రాగి, స్తంభాల మీద అల్యూమినియం, ఎమ్మారై మెషిన్లో సూపర్‌కండక్టర్. ఎందుకలా అన్నది తెలిస్తే రేపు షాపులో ఎవరు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలరు.

అసలు నిరోధం అంటే ఏంటి

సంక్రాంతి ముందు రోజు విజయవాడ బస్టాండ్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవడం గుర్తు తెచ్చుకోండి. దారి ఉంది, కానీ జనం అటూ ఇటూ కదులుతుంటారు, మధ్యలో సంచులు, సూట్‌కేసులు. మీరు ముందుకెళ్తూనే ఉంటారు, ప్రతి రెండడుగులకీ ఎవరో ఒకరు తగులుతారు, ఆ చివరకు చేరేసరికి చెమటలు పడతాయి. లోహంలో ఎలక్ట్రాన్ల పరిస్థితి కూడా ఇంతే. లోహంలో అణువులు వరుసగా పేర్చి ఉన్నా ఊరికే నిలబడవు, వేడికి వణుకుతుంటాయి, ఆ వణుకు ఎలక్ట్రాన్లకు అడ్డం పడుతుంది. లోహంలో కలిసిపోయిన మలినాలు దారిలో పెట్టిన సంచుల్లాంటివి. ఇలా తగిలిన ప్రతిసారీ ఎలక్ట్రాన్ తన శక్తిలో కొంత అణువులకు ఇచ్చేస్తుంది, అదే వైరు వేడెక్కడం. దీన్నే బడి పుస్తకంలో విద్యుత్ నిరోధం అని చదువుకున్నాం, షాపులో రెసిస్టెన్స్ అంటారు.

ఇందులోంచి రెండు విషయాలు వాటంతటవే తేలతాయి. వైరు ఎంత వేడెక్కితే అణువుల వణుకు అంత పెరుగుతుంది, నిరోధమూ పెరుగుతుంది. రాగికి ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం. అంటే మే నెలలో మేడమీద ఎండకు కాలుతున్న పైపులోని వైరు 70 డిగ్రీలకు చేరితే, 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా దాని నిరోధం ఐదోవంతు ఎక్కువ. రెండోది, వైరు సన్నగా ఉంటే నిరోధం ఎక్కువ, పొడవు పెరిగితే ఇంకా ఎక్కువ.

లోహాన్ని బట్టి ఎంత తేడా వస్తుందో చూడాలంటే, అన్నిటినీ 1 చదరపు మిల్లీమీటరు మందం, ఒక కిలోమీటరు పొడవు ఉన్న తీగలనుకుందాం. నిరోధం వెండికి 16 ఓమ్‌లు, రాగికి 17, అల్యూమినియానికి 27 దాకా, ఇస్త్రీపెట్టెలో ఉండే నిక్రోమ్‌కి వెయ్యి పైన. వెండి మొదటి స్థానంలో ఉన్నా రాగికి దానికి తేడా చాలా తక్కువ, ధరకేమో పోలికే లేదు, కాబట్టి వెండిని పక్కన పెట్టేయొచ్చు.

ఇంకొక్క లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు. వైరులో పుట్టే వేడి అంటే కరెంట్ ఇంటూ కరెంట్ ఇంటూ నిరోధం. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. లైట్లు వెలిగినంత సేపూ చల్లగా ఉన్న వైరు గీజర్ వేయగానే కాలిపోవడానికి కారణం ఇదే.

ఇంటికి: రాగి, అది కూడా తగినంత మందం

మేం ఒకప్పుడు అద్దెకున్న ఇంట్లో బాత్రూమ్ గీజర్ సాకెట్ నల్లగా మాడిపోయింది. విప్పి చూస్తే, 3 కిలోవాట్ల గీజర్‌కి ఆ ఎలక్ట్రీషియన్ 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాడు. లైట్లకు తెచ్చిన కాయిల్ మిగిలితే అదే వేసేసినట్టున్నాడు. మా అమ్మ ఆ స్విచ్ రోజూ తడి చేత్తో వేసేది, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ఆ వైరు లెక్క చూద్దాం. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. మెయిన్ బోర్డు నుంచి గీజర్‌కి 20 మీటర్లయితే పోను రాను 40 మీటర్ల వైరు. 1.5 రాగి వైరుకి కిలోమీటరుకు 12.1 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, అంటే 40 మీటర్లకు 0.48. వైరులో పుట్టే వేడి 82 వాట్లు. పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒకటి గోడలో పూడ్చిపెట్టి వెలిగించినట్టు. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే కిలోమీటరుకు 4.61 ఓమ్‌లే కాబట్టి వేడి 31 వాట్లకు తగ్గుతుంది, అదీ 40 మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి చేత్తో పట్టుకున్నా తెలియదు.

ఇక్కడే మా తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఉంది. 3,000 వాట్ల గీజర్‌కి సరైన వైరు వేస్తే దారిలో పోయేది 31 వాట్లు, అంటే ఒక్క శాతం. సూపర్‌కండక్టర్ వేసినా ఇంట్లో మిగిలేది ఆ ఒక్క శాతమే. గీజర్ రోజుకు గంట వాడితే ఏడాదికి దాదాపు 11 యూనిట్లే. మన బిల్లు ఏసీలో, ఫ్రిజ్‌లో, గీజర్‌లో ఉంది, వైరులో లేదు. మందమైన వైరు వేయమని నేను మొత్తుకునేది ప్రాణానికి, సామానుకి, ఆ తర్వాతే బిల్లుకి.

ఆ సాకెట్ విషయానికొస్తే, వైరు సన్నదైనా ముందు మాడింది మాత్రం వైరు సాకెట్‌లోకి వెళ్లే స్క్రూ దగ్గర. స్క్రూ వదులైతే అక్కడ లోహం లోహాన్ని పూర్తిగా తాకదు. అక్కడ 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, 13 ఆంపియర్లకు 17 వాట్ల వేడి, వేలి కొనంత చోటులో. అంత చిన్న చోట ఆ వేడికి ప్లాస్టిక్ నిలవదు. ఈ 17 వాట్ల లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో యూరప్‌లో ఒక సొరంగం దగ్గర మళ్లీ వస్తుంది.

మామూలుగా వేసే పద్ధతి ఏంటంటే, లైట్లకు ఫ్యాన్లకు 1.5, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకి గీజర్‌కి 4, ఇవన్నీ దేని ఎమ్‌సీబీ (కరెంట్ మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దానికి విడివిడిగా. వైరు సన్నగా ఉండి ఎమ్‌సీబీ పెద్దది పెడితే వైరు కాలుతున్నా అది పడదు, ఈ తప్పు చాలా ఇళ్లలో చూశాను. కొనేటప్పుడు ఐఎస్ 694 అని, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. ఎఫ్ఆర్ అని రాసి ఉంటే అది పైనున్న తొడుగు మంట అంటుకోకుండా చేసిన ఏర్పాటు, లోపలి రాగికి దాంతో సంబంధం లేదు, ఎఫ్ఆర్ వైరు కరెంట్ తక్కువ తింటుందని చెప్తే నమ్మొద్దు.

ఇంకో మోసం, రాగి పూత పూసిన అల్యూమినియం. పైకి ఎర్రగా మెరుస్తుంది, కట్ చేసి కొన చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. తగరం పూత వేసిన అసలు రాగి దీనికి సరిగ్గా తిరగబడి, పైన తెలుపు, లోపల ఎరుపు. ఇంకా సులువైన పరీక్ష తూకం. 90 మీటర్ల 1.5 కాయిల్‌లో రాగి ఒక్కటే 1.2 కేజీల దాకా ఉండాలి, 2.5 కాయిల్‌లో దాదాపు 2 కేజీలు, పైనున్న ప్లాస్టిక్ బరువు దీనికి అదనం. కాయిల్ మొత్తం బరువే అంతకన్నా తక్కువుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే. మల్టీమీటర్ పెట్టి ఓమ్‌లు చూద్దామనుకుంటారు కొందరు, మామూలు మల్టీమీటర్ ఒక ఓమ్ దగ్గర అంత కచ్చితంగా చూపించదు, తూకమే నయం.

అల్యూమినియం: ఇంట్లో వద్దు, బయట రాజు

అల్యూమినియం ధర తక్కువ కదా, రెట్టింపు మందం వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. లెక్క ప్రకారం సరిపోతుంది, రాగితో సమానం కావాలంటే 1.6 రెట్లు మందం చాలు. తంటా అంతా జాయింట్ల దగ్గర. అల్యూమినియం గాలి తగలగానే పైన ఒక పలుచని పొర కడుతుంది, ఆ పొరలోంచి కరెంట్ పోదు. పైగా అది మెత్తటి లోహం, స్క్రూ బిగిస్తే కొన్నాళ్లకు నలిగి పక్కకు జారుతుంది, వేడికి రాగికన్నా ఎక్కువ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఇలా ఏడాది తిరిగేసరికి బిగించిన స్క్రూ వదులవుతుంది. ఇంట్లో వందకు పైగా జాయింట్లుంటాయి, ఎన్నని చూసుకుంటాం? రాగిని అల్యూమినియంతో నేరుగా మెలిపెట్టి టేపు చుట్టడం మరీ ప్రమాదం, తేమ తగిలితే అక్కడ తినేస్తుంది. కలపక తప్పని చోట రెండు లోహాల లగ్గులని ప్రత్యేకంగా దొరుకుతాయి, అవే వాడాలి.

స్తంభం నుంచి మీటర్ దాకా వచ్చే సర్వీస్ వైరు, పొలంలో స్తంభం నుంచి స్టార్టర్ దాకా వేసే కేబుల్ మాత్రం అల్యూమినియమే వేస్తారు, జాయింట్లు తక్కువ, పొడవు ఎక్కువ కాబట్టి అది సబబే. కానీ మందంలో పిసినారితనం చేయొద్దు. 5 హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 300 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వేస్తే దారిలోనే 30 వోల్టుల దరిదాపు పోతాయి, 10 వేస్తే 12 దగ్గర ఆగుతుంది. అసలే సాయంత్రం లైన్లో వోల్టేజీ తక్కువ, దాంట్లోంచి ఇంకో 30 తీసేస్తే మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంట్ లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. రెండుసార్లు మోటారు రీవైండింగ్ చేయించిన డబ్బుతో మందమైన కేబుల్ వచ్చేది, ఈ లెక్క మా ఊళ్లో ఎంతమందికి చెప్పానో. బోరులోకి దిగే వైరు మాత్రం రాగి మూడు కోర్ల ఫ్లాట్ కేబులే వేయండి.

పెద్ద లైన్ల దగ్గర అల్యూమినియానికి తిరుగు లేదు. కారణం బరువు. ఒకే నిరోధానికి రాగి వంద కేజీలు కావాలంటే అల్యూమినియం సగం కన్నా తక్కువే చాలు, అంటే టవర్లు తేలిక, తీగ కిందికి వేలాడటం తక్కువ. బలానికి మధ్యలో ఉక్కు తీగలు పెడతారు. మన దేశంలో ఈ కండక్టర్లకు జంతువుల పేర్లు, ర్యాబిట్, వీజిల్, స్క్విరల్ చిన్న లైన్లకు, మూస్, జీబ్రా పెద్ద టవర్ లైన్లకు, లైన్‌మన్‌ని అడిగితే మీ ఊరి లైన్లో ఏ జంతువుందో చెప్తాడు. అల్యూమినియం నిరోధం ఎక్కువన్న లోటును వోల్టేజీ పెంచి పూడుస్తారు. వోల్టేజీ పదింతలైతే అదే పవర్‌కి కరెంట్ పదోవంతు, వేడి వందోవంతు. 400 కేవీ (అంటే 4 లక్షల వోల్టులు), 765 కేవీ లైన్లు పుట్టింది ఇందుకే.

నిరోధం కావాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఇస్త్రీపెట్టె, గీజర్ లోపలి కాయిల్, ఫ్యూజ్ తీగ, ఇవన్నీ నిరోధం మీదే బతుకుతాయి. ఫ్యాన్ రెగ్యులేటర్‌లో మాత్రం వద్దు, పాత పెద్ద డబ్బా రెగ్యులేటర్ స్పీడ్ తగ్గించినప్పుడు మిగిలిన కరెంట్‌ని వేడిగా పోగొడుతుంది, ఎలక్ట్రానిక్ది పెట్టుకోండి.

సూపర్‌కండక్టర్: నిరోధం నిజంగానే సున్నా

1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓన్స్ అనే శాస్త్రవేత్త పాదరసాన్ని చల్లబరుస్తూ నిరోధం కొలుస్తున్నాడు. అంతకు మూడేళ్ల ముందే హీలియం వాయువును ద్రవంగా మార్చింది ఆయనే, అంత చల్లదనం అప్పటికి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పాదరసాన్నే ఎందుకు తీసుకున్నాడంటే దాన్ని మళ్లీ మళ్లీ మరిగించి పట్టి చాలా శుద్ధిగా చేయొచ్చు, దారిలో సంచులు ఉండవన్నమాట. 4.2 కెల్విన్ల దగ్గర, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర (కెల్విన్ లెక్కలో సున్నా మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంటుంది), నిరోధం మెల్లగా తగ్గాల్సింది పోయి ఒక్కసారిగా మాయమైంది. 1913లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన పుస్తకాల్లో వీటిని అతివాహకాలు అంటారు.

ఎందుకలా అవుతుందో తేలడానికి ఇంకో 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పాలంటే కోలాటం చూడాలి. బస్టాండ్ జనంలో ఎవరి దారి వారిది, అందుకే ఒకరికొకరు తగులుతారు. కోలాటంలో జతలు జతలుగా ఒకే తాళానికి అందరూ కలిసి కదులుతారు, మధ్యలో ఒక్కరిని తోసి ఆపాలంటే మొత్తం ఆటనే చెదరగొట్టేంత బలం కావాలి. బాగా చల్లబడ్డాక ఎలక్ట్రాన్లు ఇలాగే జతకట్టి ఒకే లయలో పడతాయి, అణువుల చిన్న వణుకుకు ఆ లయ చెదరదు. ఆ జతను కలిపేది కూడా అణువుల వణుకే. రాగిలో, వెండిలో, బంగారంలో ఎలక్ట్రాన్లకు ఆ వణుకుతో సంబంధం చాలా తక్కువ, అందుకే మామూలుగా కరెంట్ బాగా పోతుంది, అందుకే జతలు కుదరవు, ఈ మూడింటిలోనూ ఇంతవరకు సూపర్‌కండక్టివిటీ కనిపించలేదు. సీసం, తగరం లాంటి మామూలు వాహకాలు మాత్రం అవుతాయి. అల్యూమినియం కూడా 1.2 కెల్విన్ల దగ్గర అవుతుంది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను.

ఇక్కడ మూడు హద్దులున్నాయి. వేడి ఒక హద్దు దాటినా, అయస్కాంత బలం దాటినా, కరెంట్ దాటినా ఆట చెదిరిపోయి మళ్లీ మామూలు లోహమే. ఇంకోటి, నిరోధం పూర్తిగా సున్నా అన్నది ఒకే దిశలో పోయే డీసీకి. మన ఇళ్లకొచ్చే, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంట్‌లో కొద్దిగా నష్టం ఉంటుంది.

చల్లదనానికి అయ్యే ఖర్చు

మైనస్ 196 డిగ్రీల దగ్గరున్న చోటు నుంచి ఒక వాట్ వేడిని బయటికి తోడాలంటే సిద్ధాంతం ప్రకారమే 3 వాట్ల కరెంట్ కావాలి, నిజం మెషిన్లు 10 నుంచి 20 వాట్లు తింటాయి. మైనస్ 269 దగ్గరైతే సిద్ధాంతమే 70 వాట్లు, నిజంలో కొన్ని వందలు. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో 100 మీటర్ల సూపర్‌కండక్టర్ వేశాం, దాని చుట్టూ ఫ్లాస్కు లాంటి గొట్టం పెట్టాం, మీటరుకు ఒక్క వాట్ వేడి లోపలికి దూరుతుంది అనుకుందాం. 100 వాట్లు తోడటానికి 1,500 వాట్ల మెషిన్ రాత్రింబవళ్లు తిరగాలి. రోజుకు 36 యూనిట్లు, ఇంట్లో ఒక్క లైటు వేయకముందే. గీజర్‌ మీద మిగిలేది ఏడాదికి 11 యూనిట్లని పైన చూశాం. ఇంక దీని గురించి ఆలోచించాల్సింది లేదు.

సూపర్‌కండక్టర్లలో కూడా ఎంచుకోవాలి. నియోబియం టైటానియం దాదాపు 9 కెల్విన్ల కిందకు వెళ్తే సూపర్‌కండక్టర్ అవుతుంది, తీగలా సులువుగా సాగుతుంది, అందుకే ప్రపంచంలో ఎమ్మారైలన్నీ దాదాపు దీనితోనే. ఇంకా బలమైన మాగ్నెట్ కావాలంటే నియోబియం తగరం, 18 కెల్విన్లు, కానీ గాజులా పెళుసు, ముందు చుట్ట చుట్టేసి తర్వాత కొలిమిలో కాల్చాలి. 2001లో జపాన్‌లో బయటపడిన మెగ్నీషియం డైబోరైడ్ 39 కెల్విన్లు, ముడిసరుకు చౌక. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ పింగాణీ లాంటి పదార్థాల్లో సూపర్‌కండక్టివిటీ కనిపెట్టాక, మరుసటి ఏడే యిట్రియం బేరియం రాగి ఆక్సైడ్ 90 కెల్విన్లు దాటేసింది. ఇది పెద్ద మలుపు ఎందుకంటే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్లు, దాంతోనే చల్లబరచొచ్చు, హీలియం అక్కర్లేదు. ద్రవ నైట్రోజన్ మనకు కొత్తేం కాదు, ఎదకొచ్చిన గేదెకు సూది వేయడానికి పశువుల ఆసుపత్రిలో వీర్యం స్ట్రాలు దాచే పెద్ద క్యాన్ మూత తీస్తే తెల్లగా పొగలు వస్తాయి చూడండి, అదే. ఈ పింగాణీ రకంతో కష్టం ఏంటంటే తీగలా సాగదు, లోహపు పట్టీ మీద పలుచని పొరగా వేయాలి, అందుకే ఖరీదు.

రాగి చేతులెత్తేసే చోట

ఎమ్మారై మాగ్నెట్ 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత), భూమి అయస్కాంత బలానికి 30 వేల రెట్లకు పైనే. మనిషి పట్టేంత గొట్టంలో ఇంత బలం రాగితో తేవాలంటే కరెంట్ ఖర్చు, వేడి రెండూ భరించలేం. ఫ్లోరిడాలో టల్లహాసీలోని ల్యాబ్‌లో రాగి మిశ్రమాలతోనే ఇంకా బలమైన మాగ్నెట్లు చేశారు, వాటికి మెగావాట్లలో కరెంట్, సందుల్లోంచి ఆగకుండా చల్లటి నీళ్లు కావాలి. సూపర్‌కండక్టర్ చుట్టకు ఒక్కసారి కరెంట్ ఎక్కించి కొనలు కలిపేస్తే చాలు, అది ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే కరెంట్ పోయినా ఆ మాగ్నెట్ ఆగదు, రాత్రి మెషిన్ వాడనప్పుడు కూడా అది ఆన్‌లోనే ఉంటుంది. జేబులో తాళాలు, ఇనుప చక్రాల కుర్చీ, ఆక్సిజన్ సిలిండర్ ఆ గదిలోకి పొరపాటున కూడా తీసుకెళ్లొద్దు, ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

స్కాన్ ఎక్కడ చేయించుకోవాలో కూడా ఇక్కడే అడుగుతారు. ఓపెన్ ఎమ్మారై అని తక్కువ ధరకు చేసే చోట చాలావరకు 0.3 టెస్లా దరిదాపు మామూలు అయస్కాంతం ఉంటుంది, ఇరుకు గొట్టం భయం ఉన్నవాళ్లకు అది సాయం. మెదడు, వెన్నుపూస, మోకాలు లాంటి చాలా స్కాన్లకు 1.5 టెస్లా సరిపోతుంది, 3 టెస్లా మరీ సన్నని వివరం కావాల్సినప్పుడు. 3 పెద్ద అంకె కాబట్టి అదే కావాలని పట్టుబట్టకండి, ఏది కావాలో రాసే డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఆ సొరంగం సంగతి. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, కణాలను ఢీకొట్టించే 27 కిలోమీటర్ల సొరంగపు వలయంలో నియోబియం టైటానియం మాగ్నెట్లున్నాయి. 2008 సెప్టెంబర్ 19న, మొదలుపెట్టిన తొమ్మిది రోజులకే, రెండు మాగ్నెట్ల మధ్య సరిగా అతకని ఒక జాయింట్ దెబ్బకొట్టింది. దాని నిరోధం దాదాపు 200 నానో ఓమ్‌లు, అంటే ఓమ్‌లో 50 లక్షల వంతు. కానీ అందులో పోతున్నది 8,700 ఆంపియర్లు. లెక్క వేస్తే 15 వాట్లు. మా అద్దె ఇంటి సాకెట్‌లో పుట్టినంత వేడే. అంత చల్లటి చోట ఆ వేడికి జాయింట్ మామూలు లోహంగా మారి కాలిపోయింది, టన్నుల కొద్దీ హీలియం ఎగదన్నింది, 50కి పైగా మాగ్నెట్లు దెబ్బతిన్నాయి, మెషిన్ మళ్లీ నడవడానికి ఏడాదికి పైగా పట్టింది. అప్పటినుంచి ఎలక్ట్రీషియన్ స్క్రూ బిగిస్తుంటే పక్కన నిలబడి చూస్తాను నేను.

కరెంట్ కేబుల్‌గా సూపర్‌కండక్టర్ అసలు పనికిరాదా అంటే, పనికొచ్చే చోటు ఒకటుంది, నగరం నడిబొడ్డు. జర్మనీలోని ఎసెన్‌లో 2014లో ఒక కిలోమీటరు కేబుల్ వేశారు, 10 కేవీ మీదే 40 మెగావాట్లు మోసేలా చేశారు. మామూలుగా అంత పవర్‌కి 110 కేవీ లైను, నగరం మధ్యలో ఒక సబ్‌స్టేషన్, దానికి స్థలం కావాలి. అక్కడ లెక్క కుదిరింది నష్టం తగ్గినందుకన్నా ఎక్కువగా స్థలం మిగిలినందుకు. ఊళ్ల మధ్య వందల కిలోమీటర్లకు మాత్రం అల్యూమినియమే.

పడగ్గది వేడిలో పనిచేసే సూపర్‌కండక్టర్ దొరికిందన్న వార్తలు వచ్చినప్పుడల్లా ఫోన్లు వస్తాయి. 2023లో కొరియా నుంచి ఎల్‌కే-99 అని వచ్చింది, మిగతా ల్యాబ్‌లు చేసి చూస్తే తేలలేదు. మామూలు గాలి ఒత్తిడిలో చాలా ఏళ్లుగా అందరూ ఒప్పుకున్న రికార్డు పాదరసం కలిసిన ఒక ఆక్సైడ్‌ది, 1993 నాటిది, 130 కెల్విన్ల పైన, అంటే అదీ మైనస్ 140 డిగ్రీలే. లాంథనం హైడ్రైడ్ 250 కెల్విన్ల దాకా వెళ్లింది కానీ దానికి గాలి ఒత్తిడికన్నా పదిహేను లక్షల రెట్లకు పైగా నొక్కాలి. కాబట్టి ఎవరైనా మీ దగ్గరకొచ్చి సూపర్‌కండక్టర్ వైరనో, ప్లగ్‌లో పెడితే సగం బిల్లు తగ్గించే డబ్బానో, బియ్యపు గింజల్ని లాగుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ చెంబనో అమ్మజూపితే డబ్బులు ఇవ్వకండి. మన రెండు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ పేరుతో ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఆ మోసగాళ్లు వాడే మాటలన్నీ సైన్సు మాటలే.

నిజమైన సూపర్‌కండక్టర్ మన దగ్గరకు వచ్చే దారి ఒకటి మాత్రం కనిపిస్తోంది. అమరావతిలో ఐబీఎమ్ క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించారు. ఆ రకం కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్ మీద సర్క్యూట్లు సూపర్‌కండక్టర్‌తోనే గీస్తారు, కెల్విన్‌లో వందో వంతు దరిదాపులకు చల్లబరుస్తారు. అక్కడ పనిచేసే జంక్షన్లు అనే సన్నని అతుకుల్లో వాడేది మన స్తంభాల మీద వేలాడే అల్యూమినియమే.

మా తమ్ముడు మొన్న ఆదివారం షాపులో 2.5 కాయిల్ తూకం వేయించాడు, 1.8 కేజీలు వచ్చింది. షాపతను ఏవేవో చెప్పాడట, వీడు ఊరుకుని ఇంకో షాపుకి వెళ్లి 2.3 కేజీలది తెచ్చుకున్నాడు. గీజర్‌కి, ఏసీలకి 4 లాగారు. సాకెట్లు ఇంకా బిగించలేదు, నేను వచ్చేదాకా ఆగమన్నాను, వచ్చే వారం స్క్రూడ్రైవర్ పట్టుకుని వరంగల్ వెళ్తున్నా.